సాంచ చప్పుడుకు తోమిన పాలపళ్ళు

జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయే బస్సుల కిటికీలతో నాకొక పేచీ ఉంది. ఎండాకాలం తెరుచుకోవు, వానాకాలం మూసుకోవు. చలికాలంలో మాత్రం రెండూ చేస్తాయి, కాకపోతే మనం అడిగినప్పుడు కాదు. ఒకసారి కండక్టరుకు చెప్పి చూశాను. ఆయన కిటికీని చూశాడు, నన్ను చూశాడు, "గది గట్లనే ఉంటది సార్" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు గనక టికెట్ తీసుకుని కూర్చున్నాను.

కిటికీ తెరుచుకోకపోతే నా బిడ్డకు కడుపులో తిప్పుతుంది. పాపకు నాలుగున్నరేళ్ళు. నోట్లో ఒక పుల్లచాక్లెట్ ఉంటే తిప్పడం ఆగుతుందని నా భార్య కనిపెట్టింది. అత్తగారిల్లు సిరిసిల్ల కాబట్టి నెలకు రెండుసార్లయినా ప్రయాణం ఉంటుంది. ఊరు దాటగానే ఒకటి, వేములవాడ బస్టాండులో ఒకటి, సిరిసిల్ల కనబడగానే ధైర్యానికి ఇంకొకటి. ముందు సీట్లో తల్లి పక్కన కొంతసేపు, వెనక సీట్లో నా ఒళ్ళో కొంతసేపు కూర్చునేది పాప. తల్లి ఇచ్చిందని నాకు తెలియక నేనూ ఇచ్చేవాణ్ని. నేనిస్తున్నానని ఆమెకు తెలియదు. ఇద్దరూ ఇస్తున్నారని తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ విషయం ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి, చెప్పాలని లేకపోయినా. నేను జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. ఏటా ఒక రోజు బోర్డు మీద దంతసూత్రాలు రాస్తాను. కుందేలుది రాస్తాను, మనిషిది రాస్తాను. "పాలదంతాలు ఇరవై, వాటిలో అగ్రచర్వణకాలు ఉండవు" అని రాసి కింద రెండు గీతలు గీస్తాను. రెండు మార్కుల ప్రశ్న. ఆ ఇరవై దంతాలు మా ఇంట్లోనే తిరుగుతున్నాయని, వాటినొకసారి చూడవచ్చని నాకు తట్టలేదు. సిలబస్ పూర్తి చేసే ఒత్తిడి అలాంటిది.

ఒక పొద్దున పాప ఉప్మా ఒకవైపే నములుతోంది. ఎందుకని అడిగితే "గీ దిక్కు తింటె పన్ను గుంజుతుంది డాడీ" అంది. ఫోన్ టార్చి వేసి చూశాను. కింద కుడివైపు, అన్నిటికంటే వెనక, పెసరగింజంత నల్ల మచ్చ.

వంటింట్లోకి వెళ్ళి నా భార్యతో, "రెండో చర్వణకం పుచ్చింది" అన్నాను.

"తెలుగుల చెప్పు" అంది.

"ఆఖరి పన్ను."

ఆమె కూడా టార్చి వేసి చూసింది. తర్వాత నన్ను చూసింది, టార్చి ఆర్పకుండానే.

ఆ రోజే సిరిసిల్లకు ఫోన్ చేశాం. మా మామ తాపీగా విన్నాడు. "పాలపండ్లే గదా అల్లుడు. ఇయ్యాల గాకుంటె రేపు ఊడిపోయేటియే. కూలగొట్టే ఇంటికి ఎవలన్న సున్నమేస్తరా?" అన్నాడు. కాలేజీ స్టాఫ్ రూములో ఫిజిక్స్ ఆయన కూడా దాదాపు ఇదే చెప్పాడు, సున్నం బదులు తుక్కుకు వేసే బండికి సర్వీసింగ్ అన్నాడంతే. నిజం చెప్పాలంటే ఆ వాదన నాకూ నచ్చింది. దాంట్లో మనం ఏమీ చెయ్యనక్కర్లేదన్న గొప్ప సౌకర్యం ఉంది. కానీ నా భార్య అప్పటికే ఆఫీసుకు సెలవు చెప్పేసింది.

కోరుట్ల వెళ్ళాం. జగిత్యాలలో పళ్ళ డాక్టర్లు లేక కాదు. కోరుట్లలో ఉన్న డాక్టరమ్మ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. పిల్లల పళ్ళ గురించే ప్రత్యేకంగా చదివి వచ్చింది. తెలిసినవాళ్ళయితే భయం తక్కువగా ఉంటుందనుకున్నాం. పాప సంగతి కాదు, నా సంగతి.

డాక్టరమ్మ పాప చేతికి ఒక చిన్న అద్దం ఇచ్చి, మాటల్లో పెట్టి, అర నిమిషం నోరు తెరిపించింది. పాప మళ్ళీ మూసేసుకుంది. ఆ అర నిమిషం చాలినట్టుంది. నా వైపు తిరిగి, "సార్, పాలదంతాల సూత్రం చెప్పుండ్రి" అంది.

"రెండు, ఒకటి, సున్నా, రెండు" అన్నాను. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోదు.

"గా ఆఖరి రెండుట్ల రెండోదే ఇది. ఎన్నేండ్లకు ఊడుతది సార్?"

"సిలబస్‌లో లేదు."

"పది, పదకొండేండ్లకు" అంది. "అంటే ఇంక ఆరేండ్లు దీంతోనే నమలాలె. ఉత్త నమలుడే గాదు. దీని ఎనక ఆరో ఏట పెద్ద పన్నొకటి అస్తది. దీని కింద ఇంకోటి తయారైతుంటది. పాలపన్నంటె బస్సుల సీటు మీద ఏసిన దస్తీ అసొంటిది సార్. దస్తీ ఉన్నదాక సీటు మనదే. దస్తీ తీసిండ్రనుకో, ఎనక అచ్చినోడు ముందటికి జరిగి కూసుంటడు. అసలు కూసునేటోడు అచ్చేటాల్లకు జాగ ఉండదు. అడ్డం అస్తడు, లేకుంటె అండ్లనే ఇరుక్కుంటడు."

కూలగొట్టే ఇల్లు, సున్నం అన్న మా మామ సిద్ధాంతం అక్కడితో ముగిసింది. జగిత్యాల బస్టాండులో కిటికీలోంచి సీటు మీద వేసే చేతిరుమాలు, అదే దస్తీ, దాని విలువ తెలియనివాళ్ళు ఉండరు. నా భార్య ముఖం చూస్తే ఎవరో మా సీటు మీది దస్తీ తీసి కింద పడేసినట్టే ఉంది.

డాక్టరమ్మ విషయం సూటిగా చెప్పింది. పుచ్చు ఇంకా నరం దాకా పోలేదు. ఇవాళ పైపైన శుభ్రం చేసి మందు సిమెంటు పెడుతుంది. నెలన్నర తర్వాత చూస్తుంది. పుచ్చు అక్కడే ఆగితే పన్ను మీద స్టీలు టోపీ ఒకటి తొడుగుతుంది, పన్ను ఊడేదాకా అదే కాపాడుతుంది. ఆగకపోతే పీకుడే. "ఇంకో ముచ్చట. గారోజు పది నిమిషాలు నోరు తెరవాలె. ఇయ్యాల తెరిచినట్టు తెరిస్తె నడువది."

తర్వాత విచారణ మొదలైంది.

"పండ్లెవలు తోముతరు?"

"అదే తోముకుంటది మేడమ్" అంది నా భార్య, కొంచెం గర్వంగానే.

"బూట్ల లేసులు కట్టుకుంటదా?"

"ఇంక రాదు."

"లేసు కట్టరాని చెయ్యి ఎనక పండ్లెట్ల తోముతది? ఏడెనిమిదేండ్లు అచ్చేదాక మీరే తోమాలె. పండుకునేటప్పుడు పాలసీసా ఉన్నదా?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"చక్కెరేసి?"

"రెండు చెంచాలు" అంది పాప. ఆ రోజు ఆసుపత్రిలో పాప తనంతట తాను చెప్పిన మాట అదొక్కటే.

"చాక్లెట్లు?"

"బస్సుల పోయినప్పుడే. మూడు" అంది నా భార్య.

"మూడే" అన్నాను నేను కూడా, సాక్షిలాగా. అని, ఆమె వైపు చూశాను. ఆమె కూడా అప్పుడే నా వైపు చూసింది. డాక్టరమ్మ కాగితం మీద ఆరు అని రాసుకుంది.

పాప నోరు అర నిమిషం చొప్పున ఇంకో రెండుసార్లు తెరిపించి సిమెంటు పెట్టి, ఆ కాగితం వెనకాలే నియమాలన్నీ రాసిచ్చింది. రెండు పూటలా రెండేసి నిమిషాలు. శెనగగింజంత పేస్టు. బ్రష్ మెల్లగా, గుండ్రంగా తిప్పుతూ. తోమాక ఉమ్మేస్తే చాలు, గ్లాసుల కొద్దీ నీళ్ళతో పుక్కిలించనక్కర్లేదు. రాత్రి తోమినంక మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. తీపి తింటే అన్నంతో పాటే, నడిమధ్య కాదు. చదివితే చాలా తేలిక. నేనైతే ఐదు మార్కులకు ఇస్తాను.

చిక్కేమిటంటే అది వేసవి. నాకు ఎంట్రన్సు కోచింగ్ క్లాసులు, నా భార్యకు ఆఫీసు. ఏటా ఈ నెలన్నర పాప సిరిసిల్లలో ఉంటుంది. కాబట్టి ఆ పన్ను భవిష్యత్తు, దాని కింద తయారవుతున్న పన్ను భవిష్యత్తు, ఒక కాగితం ముక్కతో సహా మా మామ చేతిలో పెట్టి వచ్చాం.

మా మామ ఆసామి. అంటే నాలుగు సాంచలున్న మనిషి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు, దాంట్లో నాలుగు సాంచలు, వాటి చప్పుడు. ఆ ఇంట్లో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే, ఎవరికీ కోపం ఉండదు. కాగితాన్ని ఆయన ఆర్డరు చదివినట్టు చదివాడు. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివి, మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"మాల్ ఎప్పుడియ్యాలె?" అన్నాడు.

"నెలన్నరకు."

"అయితది."

ఆర్డరు తీసుకున్నాక మా మామకు ఇక ఎదురు చెప్పడం ఉండదు. పాలపళ్ళు ఊడిపోయేవే అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. మొదటి రోజే పాలసీసా పీక కోసేసి, దాంట్లో సాంచలకు వేసే నూనె పోసి, షెడ్డులో ఎత్తుగా మేకుకు వేలాడదీశాడు. పాప ఒకసారి పైకి చూసి మళ్ళీ ఎప్పుడూ సీసా అడగలేదట. ఏడాదిగా మేమిద్దరం దాని గురించి చేసిన చర్చలన్నీ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. మా అత్త ఇంకో కట్టుదిట్టం చేసింది. షెడ్డులో పనిచేసేవాళ్ళ దగ్గరికి పాప ఒక్కొక్క సాంచ వంతున తిరిగి చాయ్ బిస్కెట్లు వసూలు చేసేది. అవన్నీ ఒక డబ్బాలో పడాలని, మధ్యాహ్నం అన్నం తిన్నాకే డబ్బా తెరవాలని ఆమె హుకుం వేసింది. తెరిచే సమయానికి డబ్బా కొంచెం తేలికయ్యేదట. అది మామ పని.

రోజూ ఫోన్లో రిపోర్టు వచ్చేది.

"పొద్దుగాల రెండు నిమిషాలు, మాపటికి రెండు నిమిషాలు" అని అరిచేవాడు మామ, వెనక సాంచలు అరుస్తుంటే. "గడియారం గిడియారం ఏమొద్దు. నా సాంచల నాడె నిమిషానికి నూట ఇరవై సార్లు ఉరుకుతది. రెండు నూట ఇరవైలు కాంగనే బ్రష్ తీస్తున్న."

నాడె అంటే మగ్గంలో నూలుపోగును అటూ ఇటూ మోసుకుపోయే చెక్క. నాకు ఎంత సంతోషమైందంటే మర్నాడు స్టాఫ్ రూములో చెప్పుకున్నాను, మా ఇంట్లో పళ్ళు తోమడం మరమగ్గాల దాకా వచ్చిందని. ఫిజిక్స్ ఆయన ఆ వేగాన్ని సెకనుకు లెక్కగట్టి ఇచ్చాడు. ఆ వేగంతో ఏం కదులుతోందో ఇద్దరమూ ఆలోచించలేదు.

పదో రోజు ఆదివారం సిరిసిల్ల వెళ్ళాం. బస్సులో పాప లేదు కాబట్టి కిటికీ సులువుగా తెరుచుకుంది. ఇంటికి చేరేసరికి తోమే కార్యక్రమం నడుస్తోంది. షెడ్డు గడపలో పాప స్టూలు మీద నిలబడి ఉంది. నోరు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా మామ, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో బ్రష్ నడుపుతున్నాడు. ఆయన చూపు పాప నోటి మీద లేదు, సాంచ మీద ఉంది. నాడె కుడికి పోతే బ్రష్ కుడికి, నాడె ఎడమకు పోతే బ్రష్ ఎడమకు. టకటక, టకటక. భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యి మొత్తం పనిచేస్తోంది. మూడు తరాల నేతపని ఆ బ్రష్‌లో ఉంది.

అంతలో కరెంట్ పోయింది. నాలుగు సాంచలూ ఆగాయి. బ్రష్ కూడా ఆగింది, ఉన్నచోటే.

ఆ నిశ్శబ్దంలో పాప నోటి నిండా నురుగుతో అలాగే నిలబడి ఉంది. మామ కూడా కదల్లేదు.

"ఏమైంది?" అన్నాను.

"కరెంట్ పోయింది గద డాడీ" అంది పాప, నురుగులోంచి. ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"ఎంతసేపు ఆగుతరు?"

"అచ్చేదాక" అన్నాడు మామ. "నూట ఎనబై అయినై. ఇంక అరవై ఉన్నై."

అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మొన్న కరెంట్ ఇరవై నిమిషాలకు గాని రాలేదట, అంతసేపూ పాప నురుగుతోనే ఉండి, కొంత ఉమ్మి, కొంత మింగిందట. నూలు రాక రెండు రోజులు సాంచలు బంద్ పెట్టారట. ఆ రెండు రోజులూ పళ్ళు కూడా బంద్. బ్రష్ చేతిలోకి తీసుకుని చూశాను. కొత్తది కొనిచ్చి పది రోజులే. కుచ్చులన్నీ రెండు వైపులకూ పరుచుకుని మధ్యలో పాపిట తీసినట్టుంది. పాప చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మామ మాత్రం ధీమాగా జేబులోంచి ఒక చిన్న భూతద్దం తీశాడు. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే అద్దం అది. పాప నోటి ముందు పెట్టి, ఒక కన్ను మూసి, ఒక్కో పన్నూ చూపించాడు.

"చూడు అల్లుడు. ఎట్ల మెరుస్తున్నయో. ఒక్క డ్యామేజ్ లేదు."

"మామా, కాయితం మీద గుండ్రంగ అని ఉన్నది గదా" అన్నాను, అల్లుడి హద్దులు దాటకుండా.

"చదివిన. గుండ్రంగ తిప్పితె ఎక్కడన్న పని సాగుతదా? అది డాక్టర్లు మాట వరుసకు రాస్తరు."

అల్లుడు చెబితే ఆగే పని కాదని తెలిసి కోరుట్లకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాను. డాక్టరమ్మ అంతా విన్నది. నవ్విందో, తల పట్టుకుందో తెలియదు.

"తాతా, గట్ల అడ్డంగ గీకితె చిగుళ్ళు కరాబైతయి. పన్నుకు చిగురుకు నడుమ పాచి గట్లనే ఉంటది. దాంతోనే పుచ్చు పెరుగుతది. బలమద్దు. మెల్లగ సున్నలు చుట్టినట్టు తిప్పాలె, ఒక్కో పన్ను కాడ" అంది.

మామ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. ఆయన నేసిన బట్ట ఎవరూ వాపసు పంపినట్టు నాకు తెలియదు. ఇదే మొదటిసారి అనుకుంటాను. పుచ్చు పెరిగిందేమోనన్న భయం అందరికీ ఒక్కసారే పట్టుకుంది. నా భార్య పాప గడ్డం పైకెత్తి సిమెంటు పెట్టిన పన్ను వైపే చూస్తోంది, చూస్తే తెలిసేది కాకపోయినా.

అప్పుడు షెడ్డు మూల నుంచి మా అత్త గొంతు వినిపించింది. ఆమె రోజంతా అక్కడ కూర్చుని కండెలు చుడుతుంది. నాడెలో పెట్టే చిన్న గొట్టానికి నూలు చుట్టడం అన్నమాట. దానికొక చిన్న మిషిన్ ఉంది, గిర్రున తిరుగుతుంది.

"సున్నలు చుట్టుడంటె నా పని గదా" అంది అత్త.

"కండెల మిషిన్ మీద పండ్లు తోముతరా?" అన్నాడు మామ.

"సాంచ మీద తోమంగ లేనిది?"

ఆసామికి కండెల పని తన పనికంటే ఒక మెట్టు కింద. తన చేతిలో ఉన్న ఆర్డరు అలా కిందికి దిగిపోవడం ఆయన నిలబడి చూడవలసి వచ్చింది. అత్త పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తల మోచేతి వంపులో పెట్టుకుని, కొత్త బ్రష్‌తో మొదలుపెట్టింది. కరెంట్ వచ్చింది. మిషిన్ గిర్రుమంటోంది. బ్రష్ దానికి తగ్గట్టు పన్ను పన్ను దగ్గర చిన్న చిన్న సున్నలు చుడుతోంది. నలభై ఏళ్ళుగా వేళ్ళ కొసలతో పోగు తెగకుండా పట్టుకున్న చెయ్యి అది. పాప కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందేమో అనుకున్నాం. అయ్యాక అత్త, "గిన్నేండ్లకు నా పనికి ఇజ్జత్ అచ్చింది" అంది ఎవరితోనూ కాకుండా.

మిగిలిన రోజులు అలాగే గడిచాయి. కరెంట్ పోతే అత్త నోటితోనే గిర్రుమని పూర్తి చేసేదట. మామ రెండు రోజులు ఫోన్లో ముభావంగా ఉన్నాడు. మూడో రోజు నుంచి తనకు తానే ఒక హోదా ఇచ్చుకున్నాడు. తోమడం అయ్యాక భూతద్దంతో ఇరవై పళ్ళూ చూసి, "పాస్" అనేదాకా పాప లేవకూడదు. ఒకరోజు ఎడమవైపు రెండు పళ్ళు ఫెయిల్ చేశాడని, అత్త మళ్ళీ తోమిందని పాపే చెప్పింది. ఆయన కళ్ళకు అంత నిక్కచ్చితనం ఉందని ఒప్పుకోవాలి. నేను పేపర్లు దిద్దేటప్పుడు ఇంత చూడను.

నెలన్నరకు మాల్ తీసుకుని ఆసామి స్వయంగా బయల్దేరాడు. అత్త కూడా వచ్చింది. జగిత్యాలలో మేము కలిసి, ఐదుగురం ఒకే ఆటోలో కోరుట్ల పోయాం. పీకుతారా, టోపీ పెడతారా, అందరి మనసులో అదే. మామ మధ్యమధ్య పాప నోరు తెరిపించి చూసి మూయిస్తున్నాడు. ఆటో గుంతల్లో భూతద్దం పాప ముక్కుకు తగిలింది.

ఆసుపత్రి కుర్చీ ఎక్కగానే పాప నోరు మూసుకుంది. మూసుకోవడమంటే పెదవులు రెండూ లోపలికి పోయాయి. డాక్టరమ్మ బొమ్మ చూపించింది. నా భార్య బతిమాలింది. నేను ధైర్యం మీద రెండు మాటలు చెప్పాను, బహుశా సిలబస్ ధోరణిలో. మామ భూతద్దం ఇస్తానన్నాడు. పాప తల అడ్డంగా ఊపింది. బయట ఇంకో పిల్లవాడు వంతు రాకముందే ఏడుపు మొదలుపెట్టాడు, అది కూడా మా పనికి సాయపడలేదు.

"సార్, తెరవకుంటె నాకు తెల్వది" అంది డాక్టరమ్మ మెల్లగా. "బలవంతంగ పట్టుకుంటె ఇగ జిందగీల ఏ పండ్ల డాక్టరు కాడికి రాదు. ఊకుంటె సిమెంటు కింద పుచ్చు ఏం జేస్తుందో తెల్వది. కరీంనగర్ తోలుకపోయి మత్తు ఇప్పియ్యాలె, అప్పుడు పీకుడే మేలంటరేమో వాళ్ళు."

డాక్టరమ్మ ఇంకేం చెయ్యాలో తోచక, పక్కనున్న మిషిన్ పనిచేస్తోందో లేదో చూద్దామన్నట్టు కాలితో పెడల్ నొక్కింది.

గిర్ర్‌మంది.

ఆ చప్పుడు తెలియనివాళ్ళు ఉండరు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామ గోడకు ఆనుకున్నాడు. బయటి పిల్లవాడు ఏడుపు పెంచాడు. పాప మాత్రం తల తిప్పి మిషిన్ వైపు ఆసక్తిగా చూసింది.

"అమ్మమ్మ మిషిన్" అంది.

అని, నోరు తెరిచింది. ఎంత తెరిచిందంటే వెనక కొండనాలుక దాకా కనిపించింది. డాక్టరమ్మ ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు, అద్దం లోపలికి పోయింది. "గట్లనే నడిపియ్యాలె, ఆపద్దు" అని అత్త ఆమెకు సూచనలిచ్చింది, కొత్తగా పనిలో చేరిన పిల్లకు ఇచ్చినట్టు. డాక్టరమ్మ తల ఊపింది కూడా.

పన్ను చూసింది. చిన్న సూది లాంటి దానితో నొక్కి చూసింది. మళ్ళీ చూసింది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళతో సహా.

"ఆగింది" అంది డాక్టరమ్మ. "ఉన్నకాడ్నే ఉన్నది. నరం దాక పోలే. పీకుడు లేదు."

ఆ తర్వాత పది నిమిషాలు నాకు సరిగా గుర్తులేవు. ఊరికే నవ్వు వస్తోంది. మామ గోడను వదిలి గదిలో అటూ ఇటూ తిరిగాడు. డాక్టరమ్మ చిన్న చిన్న స్టీలు టోపీలు మూడు నాలుగు పెట్టి చూసి, సరిపడేది ఎంచి, మందు పూసి పన్ను మీద కూర్చోబెట్టి, "గట్టిగ కొరుకు తల్లీ" అంది. పాప కొరికింది. అయిపోయింది. అద్దం ఇస్తే నాలుకతో తడిమి చూసుకుని, నోరు మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది, లోపల అది అలాగే ఉందా అని.

మామ భూతద్దం పెట్టి చూశాడు. "స్టీలేనా? తుప్పు పట్టదా?"

"పట్టదు తాతా. పిల్లకు పదేండ్లు అచ్చినంక పన్నూ టోపీ కలిసే ఊడుతయి. గప్పటిదాక ఎవ్వడు సీటు గుంజుకోడు."

"పాస్" అన్నాడు మామ, గదంతటికీ వినబడేలా.

బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాం. అందరికీ ఒకేసారి మాట్లాడాలనిపించింది. మామేమో, నోరు బార్లా తెరిచే అలవాటు సాంచ దగ్గర తనే చేశానని అంటున్నాడు. పాప దారిన పోయేవాళ్ళకు నోరు తెరిచి స్టీలు పన్ను చూపిస్తోంది. సోడా బండి ఆయన ఒకరు వంగి చూసి, బాగుందన్నాడు. నా భార్య అకారణంగా నవ్వుతూ నా భుజం మీద కొట్టింది. నాకు తల కొంచెం తిరుగుతున్నట్టుంది, ఏదైనా గొప్ప మాట చెప్పకపోతే ఆగేలా లేదు. అత్త వైపు తిరిగి, చదువుకున్న అల్లుడికి తగ్గట్టు, అన్నాను:

"అత్తా, మీరిగ ఫికర్ చెయ్యకుండ్రి. ఇంతవరకు మీరు చూసుకున్నరు. ఇగ మా దగ్గర మేం మంచిగ చూసుకుంటం."

అత్త కొంగుతో పాప గడ్డం మీది తడి తుడిచింది.

"మా దగ్గరున్న నెలన్నరలనే గది ఆగింది" అంది. "కరాబైందైతే మీ దగ్గర్నే."